జీర పడింది ప్రింటులో, ఫొటోను తిప్పలు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే ఇంక్‌జెట్ ప్రింటర్ మీద నలుపు తెలుపు ఫొటోలు వేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా సంతోషం. వ్యాసంలో చాలా మాటలతో నాకు పేచీ లేదు. ఒక్క సలహా దగ్గర మాత్రం ఆగిపోయాను. సెపియా (గోధుమ ఛాయ) గానీ సెలీనియం (ఊదా కలిసిన ముదురు ఛాయ) గానీ టోన్ ఇచ్చిన ప్రింటులో గులాబి జీర, అంటే బూడిదల్లో అక్కర్లేని గులాబి ఛాయ, కనిపిస్తే ఫొటో ఫైల్‌లో మెజెంటా అనే గులాబి రంగు తగ్గించమనీ, ఆకుపచ్చ జీర కనిపిస్తే మెజెంటా పెంచి మళ్లీ వేసుకోమనీ రాశారు. చదివినవాళ్లలో చాలామందికి గుర్తుండిపోయేది ఆ ఒక్క వాక్యమే. దాన్ని పట్టుకుని వెళ్తే ఎంత కాగితం, ఎంత ఇంకు, అంతకు మించి ఎన్ని మంచి ఫొటోలు పాడవుతాయో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డార్క్‌రూమ్‌లో పని నేర్చుకుని, తర్వాత ఇంక్‌జెట్‌కు మారినదాన్ని. ఇతరుల ఫొటోలు ప్రింటు వేసివ్వడమే నా బతుకుతెరువు. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా భాగం వేరేచోట వేయించి, నచ్చక తెచ్చినవే. ఈమధ్య ఒకావిడ వాళ్ల నాన్నగారి ఫొటో తెచ్చారు. పెద్ద సైజు, లేత సెపియా టోన్. ఒక ల్యాబ్‌లో వేయించారట. సాయంత్రం పూట బల్బు వెలుతురులో చూసి, బాగుందని తీసుకున్నారు. పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి చూస్తే నెరిసిన జుట్టు, నుదుటి మీద వెలుగు పడిన చోటు ఆకుపచ్చగా ఉన్నాయి. వెనక్కి తీసుకెళ్తే వాళ్లు మెజెంటా పెంచి మళ్లీ వేసిచ్చారు. ఈసారి కిటికీ దగ్గర బాగానే ఉంది, రాత్రి బల్బు కింద మాత్రం ముఖమంతా కందిపోయినట్టు కనిపించింది. ఇంకోసారి అడిగితే ‘ఇంక్‌జెట్‌లో బ్లాక్ అండ్ వైట్ అంటే ఇంతేనండీ’ అన్నారట.

ఇంతే కాదు. చాలా బాగా వస్తుంది. అయితే జీర ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా ఫొటో మీద పడితే ఎప్పటికీ రాదు. ఆవిడ ఫొటోలో తప్పేమీ లేదు. ఆ ప్రింటులో బూడిద రంగును పుట్టించిన తీరులో ఉంది.

రంగుల ప్రింటర్‌లో బూడిద రంగు రెండు దారుల్లో వస్తుంది. సయాన్ అనే నీలం, మెజెంటా, పసుపు చుక్కలు పక్కపక్కన పడి, మూడూ కలిసి కంటికి బూడిదగా అనిపించడం ఒక దారి. నల్ల ఇంకునే పలచన చేసి, బూడిద ఇంకుగా విడిగా నింపి వేయడం ఇంకో దారి. మొదటి దారిలో ఒక చిక్కు ఉంది. ఒక్కో రంగు ఇంకు వెలుతురులోని ఒక్కో భాగాన్ని మింగి, మిగతాది వెనక్కి పంపుతుంది. మూడూ కలిసినప్పుడు వెనక్కి వచ్చే వెలుతురు సమంగా ఉండదు, ఎత్తుపల్లాలుగా ఉంటుంది. పగటి వెలుతురులో ఆ ఎత్తుపల్లాలు ఒక రకంగా కలుస్తాయి, పాతరకం ఫిలమెంట్ బల్బు కింద ఇంకో రకంగా, ట్యూబులైటు కింద మరో రకంగా. అందుకే అదే కాగితం, అదే ఇంకు కిటికీ దగ్గర ఆకుపచ్చ, బల్బు కింద గులాబి. మా పనిలో దీన్ని మెటామెరిజం అంటాం. కార్బన్‌తో చేసిన నల్ల ఇంకులకు ఈ బాధ చాలా తక్కువ. కార్బన్ అన్ని రంగుల వెలుతురునూ దాదాపు ఒకే రకంగా మింగుతుంది కాబట్టి లైటు మారినా పెద్దగా రంగు మారదు.

ఈ సంగతి తయారీదారులకు ఎప్పుడో తెలుసు. 2000లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ ఫొటో 2000పి చాలాకాలం నిలిచే పిగ్మెంట్ (సన్నటి రంగు రేణువులున్న) ఇంకులతో వచ్చింది. దాని మీద వేసిన బూడిద రంగులు పగటి వెలుతురులో ఆకుపచ్చకు తిరుగుతున్నాయని అప్పట్లో వాడినవాళ్లంతా గోల పెట్టారు. 2003లో హెచ్‌పీ ఫొటోస్మార్ట్ 7960లో బూడిద ఇంకుల కాట్రిడ్జ్ ఇచ్చింది. 2005లో ఎప్సన్ అల్ట్రాక్రోమ్ కే3 ఇంకులు తెచ్చింది. వాటిలో నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అని మూడు స్థాయులు. వాటితోపాటే డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్‌లో, అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే మోడ్ కూడా వచ్చింది. కానన్ 2011లో తెచ్చిన పిక్స్‌మా ప్రో-1లో 12 ఇంకులుంటే అందులో అయిదు నలుపు, బూడిద రంగులే. ఇన్ని ఇంకులు పెట్టడంలో ఉద్దేశం ఒక్కటే. ఫొటో భారాన్నంతా నలుపు, బూడిద ఇంకులే మోయాలి, రంగు ఇంకులు టోన్ కోసం చిటికెడు పడితే చాలు. లోపల బూడిద ఇంకులున్న ప్రింటర్‌ను పెట్టుకుని, మామూలు కలర్ మోడ్‌లో నలుపు తెలుపు ఫొటో వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

టోన్ విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. డార్క్‌రూమ్‌లో టోన్, ఫొటో కాగితం మీద బొమ్మగా ఏర్పడిన వెండిలోంచే పుట్టేది. సెపియా చేసేటప్పుడు వెండి సిల్వర్ సల్ఫైడ్‌గా మారేది, సెలీనియంలో సిల్వర్ సెలెనైడ్‌గా. వెండి ఉన్న చోటే రంగు, లేని చోట వట్టి కాగితం. సెలీనియం ముందు నీడలను పట్టుకునేది. సెపియాకు ముందు వేసే బ్లీచ్ వెలుగు భాగాల్లో మొదలయ్యేది. మధ్యలో ఆపితే రెండు టోన్ల ప్రింటు దానంతటదే వచ్చేది. ఇంక్‌జెట్‌లో అలా కాదు. టోన్ అంటే విడిగా చల్లే రంగు ఇంకు. ఎక్కడ ఎంత పడాలో మనమే చెప్పాలి, చెప్పకపోతే అది ఎక్కడపడితే అక్కడ పడుతుంది. చాలామంది ఫొటో మీద ఒక గోధుమ రంగు లేయర్ పరిచి సెపియా అయిందనుకుంటారు. దాంతో వట్టి తెలుపు ఉండాల్సిన చోట కూడా పసుపు ఇంకు పడుతుంది. ఆకాశం, చొక్కా కాలరు, కంట్లో మెరుపు అన్నీ పసుపు తేలతాయి. దాన్ని చూసి ప్రింటర్ పసుపు కక్కుతోందంటారు. ప్రింటర్ చెప్పినట్టే చేసింది. టోన్ తెలుపు దగ్గరికి వస్తున్నకొద్దీ సన్నగిల్లి, కాగితం తెలుపులో కలిసిపోయేలా కర్వ్ (ఏ ఛాయలో ఎంత రంగు ఉండాలో చెప్పే గీత) గీస్తే ఆ బాధ సగం పోతుంది.

ఇక జీర కనిపించినప్పుడు ఏం చేయాలంటే, మొట్టమొదట ప్రింటును ఆరనివ్వండి. ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. ఇంకు ఆరేకొద్దీ రంగు కాస్త సర్దుకుంటుంది, రంగు కరిగి ఉండే డై ఇంకులైతే మరీనూ. నేనైతే ఒక రాత్రి వదిలేసి పొద్దున చూస్తాను.

ఆ తర్వాత నాజిల్ చెక్, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకునే పరీక్ష. దీనికి ఒక్క కాగితం చాలు, కానీ విసుగనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. లేత మెజెంటా నాజిళ్లు కొన్ని మూసుకుపోతే ప్రింటు ఆకుపచ్చకు తిరుగుతుంది. లేత సయాన్ పడకపోతే ఎరుపు, పసుపు పడకపోతే నీలం. రంగు ఇంకులతో పుట్టే బూడిదలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాజిల్ మూసుకుపోయి ఉండగా ఫొటోలో మెజెంటా పెంచారనుకోండి, రేపు నాజిల్ తెరుచుకున్నాక ఆ ఫైల్ గులాబి రంగు కక్కుతుంది. ఫలానా కాగితం మీద, ఫలానా ఇంకుతో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్‌ను ప్రొఫైల్ అంటారు. ప్రొఫైల్ ఒక ఇంకుకు చేసింది, లోపల పోసింది వేరే ఇంకు అయినా ఇదే గతి.

రంగుల లెక్క రెండుసార్లు జరగడం ఇంకో రోగం. ఫొటోషాప్‌లో ప్రొఫైల్ ఎంచుకుని, డ్రైవర్‌లో కూడా రంగుల సవరణ ఆన్‌లో వదిలేస్తే ఒకరు చేసిన సవరణ మీద ఇంకొకరు మళ్లీ చేస్తారు. ప్రింటు ఒట్టి మెజెంటాగా వస్తుంది. ప్రింటు మొత్తం, నీడల నుంచి వెలుగుల దాకా, గాఢంగా గులాబిలో మునిగితే నేను ముందు చూసేది ఇదే. ఎవరో ఒకరే లెక్క చేయాలి. ఆ లెక్క ఫొటోషాప్ చేస్తే డ్రైవర్‌లో నో కలర్ అడ్జస్ట్‌మెంట్ పెట్టాలి. దీనికి స్లైడర్లతో పని లేదు.

దీనికి చెల్లెలిలాంటి తప్పు ఒకటుంది. అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ లాంటి మోడ్ ఫైల్‌లోని రంగును పట్టించుకోదు. ఫొటోను బూడిదగా మార్చుకుని, టోన్ తన సొంత రంగుల చక్రం నుంచి తీసుకుంటుంది. న్యూట్రల్, కూల్, వార్మ్, సెపియా అని సిద్ధంగా ఉంటాయి. ఆ చక్రం మీద చుక్కను అడ్డంగా, నిలువుగా జరిపి మన టోన్ మనం పెట్టుకోవచ్చు. కాబట్టి ఫైల్‌లో ఎంతో కష్టపడి టోన్ చేసి, ఈ మోడ్‌లో వేసి, టోన్ మారిపోయిందని వాపోతే లాభం లేదు. ఒకే టోన్ ఫొటో అంతా చాలనుకుంటే బూడిద ఫైల్ ఇచ్చి, టోన్ డ్రైవర్‌కు వదిలేయడం మేలు. రంగు ఇంకు తక్కువ పడుతుంది, లైటు మారినా ప్రింటు అంతగా మారదు. నీడలకు ఒక టోన్, వెలుగులకు ఒక టోన్ కావాలంటే మాత్రం కలర్ మోడ్‌లో, మంచి ప్రొఫైల్‌తో వేయాల్సిందే. ఆ ఒకావిడ ఫొటోకు రెండు టోన్ల అవసరమే లేదు. బూడిద ఫైల్ చేసి, డ్రైవర్ వార్మ్ టోన్‌లో వేశాను. కిటికీ దగ్గరా బల్బు కిందా కొద్దిపాటి తేడాతో ఆ జుట్టు జుట్టులాగే ఉంది.

కాగితం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. అది నన్ను చాలా నిరాశపరిచింది. మన కన్ను ఏ ప్రింటులోనైనా తెలుపును కాగితం నుంచే తీసుకుంటుంది. బూడిదలు ఎటు తిరిగాయో ఆ తెలుపు పక్కన పెట్టి కొలుస్తుంది. మార్కెట్‌లో దొరికే చాలా కాగితాలు మరింత తెల్లగా కనిపించడానికి వాటిలో ఆప్టికల్ బ్రైటనర్లు కలుపుతారు. అవి కంటికి కనపడని అతినీల లోహిత కిరణాలను తీసుకుని నీలి వెలుతురుగా వదులుతాయి. పగటి వెలుతురులో ఆ కాగితం చల్లగా, నీలంగా మెరుస్తుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బులో ఆ కిరణాలు దాదాపు ఉండవు. దాని కింద అదే కాగితం మీగడ రంగులోకి దిగిపోతుంది. ఫ్రేముకు ఆ కిరణాలను ఆపే అద్దం వేసినా అంతే. ఏళ్లు గడిచేకొద్దీ బ్రైటనర్ల శక్తి కూడా తగ్గిపోయి కాగితం పసుపుకు తిరుగుతుంది. అంటే ఇంకు చుక్క కూడా మారకుండానే ప్రింటుకు జీర పడుతుంది. బ్రైటనర్లు లేని కాటన్ కాగితం మొదటి నుంచే కొంచెం వెచ్చగా ఉంటుంది గానీ, లైటు మార్చినా ఏళ్లు గడిచినా అంతగా మాట తప్పదు. టోన్ చేసిన ఫొటోలకు నేను అలాంటి కాగితమే వాడతాను. వెచ్చని కాగితం మీద మళ్లీ గట్టి సెపియా వేస్తే మాత్రం పసుపు మీద పసుపు అవుతుంది, అక్కడ టోన్ చేయి తగ్గించాలి. ప్రింటు చుట్టూ పెట్టే మౌంటు బోర్డు సంగతీ అంతే. నీలం తెలుపు బోర్డు మధ్య వెచ్చని ప్రింటు పెడితే మాసిన బట్టలా కనిపిస్తుంది. అదే ప్రింటు మీగడ రంగు బోర్డులో హాయిగా ఉంటుంది.

ఏ లైటు కింద చూసి తీర్పు చెప్పాలి? ముద్రణ రంగంలో దీనికి ఐఎస్ఓ 3664 అనే ప్రమాణం ఉంది. డి50 అనే, 5000 కెల్విన్ దగ్గరి పగటి వెలుతురు లాంటి లైటు కింద చూడాలని అది చెబుతుంది. రెండు ప్రింట్లను పక్కపక్కన పెట్టి నిశితంగా పోల్చడానికి 2000 లక్స్, మామూలుగా చూడటానికి 500 లక్స్. ఇంట్లో అంత ఏర్పాటు ఎవరికీ ఉండదు, అక్కర్లేదు కూడా. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అనే కొలత 90 దాటిన మంచి బల్బు ఒకటి, ఎండ నేరుగా పడని కిటికీ ఒకటి ఉంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం ఆ ఫొటో ఏ గోడ మీద, ఏ లైటు కింద వేలాడుతుందో తెలుసుకోవడం. ఫొటో తెచ్చినవాళ్లను నేను మొదట అడిగేది అదే. చాలామంది వింతగా చూస్తారు. ప్రింటును మానిటర్ పక్కన పెట్టి పోల్చి ‘పసుపుగా ఉంది’ అనేవాళ్లకు కూడా ఒక మాట. మానిటర్ తెలుపు సాధారణంగా 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా నీలంగా కూడా. దాన్ని చూసి చూసి అలవాటుపడిన కన్నుకు పక్కనున్న కాగితం ఏదైనా పసుపే. కాసేపు తెర ఆపి, కన్ను తేరుకున్నాక ప్రింటును దాని లైటు కింద చూడండి.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా జీర మిగిలితే, అప్పుడు కొలవాలి. అందాజాగా మెజెంటా తగ్గించడం ఇక్కడే పనికిరాదు. ఎందుకంటే జీర నీడల్లో ఒకలా, వెలుగుల్లో ఇంకోలా ఉండవచ్చు. కార్బన్ నల్ల ఇంకును పలచన చేసేకొద్దీ గోధుమ రంగు బయటపడుతుంది. దాన్ని చంపడానికి ప్రింటర్ లేత సయాన్, లేత మెజెంటా కాస్త కలుపుతుంది. ఆ కలపడం ఏ కాగితం మీద ఎక్కడ తక్కువైందో, ఎక్కడ ఎక్కువైందో దాన్నిబట్టి నీడలు గులాబికి, వెలుగులు ఆకుపచ్చకు తిరగొచ్చు. అలాంటప్పుడు ప్రింటు మొత్తానికి మెజెంటా పెంచితే వెలుగులు బాగుపడి నీడలు ఇంకా చెడిపోతాయి. ల్యాబ్ వాళ్లు విసుగెత్తి చేతులెత్తేసేది ఇక్కడే.

రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ ఉన్నవాళ్లు అయిదు శాతం చొప్పున నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్ల పట్టీ వేసి, ఒక్కో మెట్టు రంగును ‘ఎల్’, ‘ఏ’, ‘బీ’ అనే మూడు అంకెల్లో చూసుకుంటారు (దీన్ని ‘ల్యాబ్’ కొలత అంటారు, ఫొటో ల్యాబ్ కాదు). అందులో ‘ఎల్’ వెలుగు. ‘ఏ’ సున్నాకు కింద ఉంటే ఆకుపచ్చ వైపు, పైన ఉంటే మెజెంటా వైపు. ‘బీ’ కింద ఉంటే నీలం, పైన ఉంటే పసుపు. రెండు గీతలూ నునుపుగా సాగుతూ కాగితం తెలుపు విలువలో కలిస్తే అది మంచి టోన్. మధ్యలో ఎక్కడైనా గూనిలా లేస్తే కంటికి కనిపించే జీర అదే.

పరికరం లేనివాళ్లకు మన కన్నే పరికరం. బూడిదకు దగ్గరి రంగుల్లో అది చాలా పదునైనది, చిన్న తేడానూ పట్టేస్తుంది. కలర్ మోడ్‌లో ప్రొఫైల్‌తో వేసేవాళ్లకు నా పద్ధతి చెబుతాను. ఫొటోషాప్‌లో ఈ ‘ల్యాబ్’ కొలతల మోడ్‌లో ఒక చిన్న ఫైల్ తెరిచి, ఒకదానికొకటి ఆనుకున్న తొమ్మిది గడులు గీయండి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు. నడిమి గడిలో మీరు కోరుకున్న టోన్ పెట్టండి. ఏ టోనూ వద్దనుకుంటే ‘ఏ’, ‘బీ’ రెండూ సున్నా. అడ్డంగా వెళ్తే ‘ఏ’ రెండు పాయింట్లు తగ్గేలా, పెరిగేలా, నిలువుగా వెళ్తే ‘బీ’ అలాగే మారేలా మిగతా గడులు నింపండి. అలాంటి చట్రాలు మూడు చేయండి. ‘ఎల్’ ఒకదానిలో 80, ఒకదానిలో 55, ఒకదానిలో 25. అంటే వెలుగు, నడిమి ఛాయ, నీడ. ఫొటో వేసే కాగితం మీదే, అదే ప్రొఫైల్‌తో, ప్రింటు సెట్టింగుల్లో రెలటివ్ కలరిమెట్రిక్ అనే పద్ధతి ఎంచుకుని వేయండి. కాగితం తెలుపును సున్నాగా తీసుకుని మిగతా బూడిదలను దానికి తగ్గట్టు సర్దేది ఆ పద్ధతే. అబ్సల్యూట్ ఎంచుకుంటే కాగితం తెలుపు మీద కూడా ఇంకు పూసి కూర్చుంటుంది.

ఆరాక, ఫొటో వేలాడే లైటు కింద పెట్టండి. ఒక బూడిద అట్టలో గడి పట్టేంత కంత కత్తిరించి, ఒక్కో గడి మీద పెట్టి చూడండి. కంతలోంచి చూస్తే పక్క గడి రంగు కన్నును మోసం చేయదు. పక్కనే అదే కాగితం వట్టి ముక్క ఒకటి ఉండాలి. మీకు నచ్చిన గడి మూడు చట్రాల్లోనూ నడిమిదే అయితే ప్రింటర్ బాగానే ఉంది, గొడవ ఇంకెక్కడో ఉంది. మూడింటిలోనూ కుడి గడే నచ్చిందంటే జీర ఒకే రకంగా పరుచుకుంది, ఒకే సవరణ చాలు. వెలుగు చట్రంలో కుడిది, నీడ చట్రంలో ఎడమది నచ్చిందంటే మాత్రం కర్వ్ గీయక తప్పదు.

కర్వ్ గీసేటప్పుడు చేయి మెల్లగా ఆడాలి. వెలుగుల్లో ఆకుపచ్చ ఉంటే గ్రీన్ ఛానెల్ కర్వ్ పై భాగాన్ని వెంట్రుకవాసి కిందికి దించండి. ముందే మధ్యలోనూ, కిందా గీత కదలకుండా పిన్నులు (చుక్కలు) పెట్టుకోండి, లేకపోతే నీడలు కూడా కదిలిపోతాయి. చిట్టచివరి తెలుపు బిందువును మాత్రం ముట్టుకోకండి. దాన్ని కదిపితే వట్టి కాగితం మీద ఇంకు పడుతుంది. ఆ కర్వ్ లేయర్ బ్లెండింగ్‌ను ‘కలర్’ అని పెడితే రంగు మాత్రమే మారుతుంది, ఫొటో వెలుగునీడలు చెక్కుచెదరవు. తర్వాత ఫొటో మొత్తం వేయనక్కర్లేదు. ముఖం మీద వెలుగు, నీడ రెండూ ఉన్న ఒక సన్నటి పట్టీ వేసి చూస్తే చాలు. డార్క్‌రూమ్‌లో మేం టెస్ట్ స్ట్రిప్ చేసేది ఇలాగే. డ్రైవర్ మోడ్‌లో వేసేవాళ్లు కూడా ఫొటోలోని అలాంటి పట్టీనే చక్రం మీద చుక్క కొద్దికొద్దిగా జరుపుతూ వేసి, పక్కపక్కన పరిచి ఎంచుకోవచ్చు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచింది ఇది. ఆ సవరణ ఫొటోది కాదు, ఆ కాగితానిది, ఆ ఇంకుది. దాన్ని ఫొటోలో కలిపేసి సేవ్ చేయకండి. మూల ఫైల్ ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. సవరణను విడి లేయర్‌గా ఉంచి, దానికి కాగితం పేరు పెట్టుకోండి. లేదా ఆ కొలతలతో కొత్త ప్రొఫైల్ చేసుకోండి. రేపు కాగితం మారిస్తే లేయర్ తీసేస్తారు, అంతే. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో కొన్నింటిని చూస్తే దుఃఖం వస్తుంది. ఎప్పుడో మూసుకుపోయిన నాజిల్‌కు చేసిన సవరణ మీద, ఇప్పుడు దొరకని కాగితానికి చేసిన సవరణ, దాని మీద ఇంకెవరి మానిటర్‌కో చేసిన సవరణ. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, అసలు నెగటివ్ ఎలా ఉండేదో చెప్పలేని స్థితి. పాత నెగటివ్ పోయి ఆ ఫైల్ ఒక్కటే మిగిలిన కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు.

స్లైడర్లతో పోని జీర ఒకటుంది, అది కూడా చెప్పి ముగిస్తాను. గ్లాసీ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేసిన ప్రింటును వాలుగా పట్టుకుంటే ముదురు భాగాలు రాగి రంగులో మెరుస్తాయి. ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు. అది కాగితం పైన కూర్చున్న ఇంకు మీద నుంచి వెలుతురు తిరిగి రావడం వల్ల వచ్చే మెరుపు, మేం బ్రాంజింగ్ అంటాం. దానికి మెరుపును సమం చేసే రంగులేని పూత (గ్లాస్ ఆప్టిమైజర్) ఉన్న ప్రింటర్ గానీ, పైన వార్నిష్ గానీ, లేదంటే మ్యాట్ కాగితం గానీ మందు. కర్వులు కాదు.

ఎక్కువకాలం నిలవాల్సిన సెపియాకు పసుపు ఇంకు మీద ఆధారపడొద్దని కూడా మీ పాఠకులకు చెప్పాలనుంది. చాలా ఇంకు సెట్లలో ముందుగా వెలిసిపోయేది పసుపే. అది పోయాక మిగిలిన మెజెంటా పైకి తేలి, ఇవాళ వెచ్చగా ఉన్న ముఖం రేపు ఎర్రబడుతుంది. కార్బన్ ఇంకు సహజంగానే వెచ్చగా ఉంటుంది కాబట్టి, ఆ వెచ్చదనాన్నే టోన్‌గా వాడుకునే దారులున్నాయి. రాయ్ హారింగ్టన్ తయారుచేసిన క్వాడ్‌టోన్ రిప్ అనే ప్రోగ్రామ్‌తో ఏ ఇంకు ఎంత పడాలో నేరుగా మనమే చెప్పవచ్చు. రంగు ఇంకులు తీసేసి అన్ని గదుల్లోనూ రకరకాల గాఢతల నలుపులే నింపుకునే పియెజోగ్రఫీ లాంటి ఇంకులు కూడా ఉన్నాయి. జాన్ కోన్ దాన్ని తెచ్చి చాలా కాలమైంది. అందరికీ ఇవి అక్కర్లేదు. కానీ వందేళ్లు దాచుకోవాలని అడిగి వేయించుకునే ఫొటోకు ఈ మాత్రం ఆలోచించాలి కదా.

ల్యాబ్‌లు నడిపేవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. టోన్ చేసిన ప్రతి ప్రింటు వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసివ్వండి. ఏ కాగితం, ఏ ఇంకులు, కలర్ మోడ్‌లో వేశారా బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లోనా, ఏ లైటు కింద చూసి సరేననుకున్నారు. ప్రింటు తీసుకునేవాళ్లు కూడా డబ్బు కట్టే ముందు దాన్ని కిటికీ దగ్గరికి ఒకసారి, బల్బు కిందికి ఒకసారి తీసుకెళ్లి చూసుకోండి. మీరు మళ్లీ ఈ విషయం మీద వ్యాసం వేసే పనైతే, మెజెంటా స్లైడర్ సలహా తీసేసి ఆ తొమ్మిది గడుల పద్ధతి వేయండి. బొమ్మలు కావాలంటే నేను గీసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, వృత్తిరీత్యా ఫొటో ప్రింటర్